ఎనభై గిఫ్ట్ కార్డుల అంతస్తు



వసతి గృహాల మెస్ చార్జీల మీద రాస్తానని పోయిన వారం మాటిచ్చాను. దాన్ని వచ్చే వారానికి జరిపాను. ఈ వారం స్టార్ హోటళ్ల గురించి. నవ్వకండి. "హాస్టల్లో పిల్లలకి గుడ్డుకే దిక్కు లేకపోతే ఈవిడకి స్టార్ హోటళ్లు కావాల్సొచ్చాయా" అని కామెంట్ పెట్టబోయే అన్నలు ఒక్క పది నిమిషాలు ఆగి, చదివి, ఆ తర్వాత పెట్టండి.

మా పిన్ని కొడుకు టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో ఉంటాడు. 2024 నవంబరులో ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేసి, "అక్కా, నాకు డైమండ్ వచ్చింది" అన్నాడు. నేను ఉంగరం అనుకున్నాను. "ఎవర్రా అమ్మాయి?" అని అడిగాను. అమ్మాయి కాదు. హిల్టన్ హోటళ్ల వాళ్లు తమ దగ్గర ఎక్కువగా దిగేవాళ్లకి మెట్లు మెట్లుగా ఇచ్చే గుర్తింపుల్లో అప్పటికి అది పైమెట్టు. సిల్వర్, గోల్డ్, డైమండ్. మామూలుగా అయితే ఆ ఏడాది 60 రాత్రులు వాళ్ల హోటళ్లలో పడుకుంటే వచ్చేది.

"అన్ని రాత్రులు హోటళ్లలో ఎప్పుడు పడుకున్నావురా?"

"ఒక్క రాత్రి కూడా లేదక్కా. గిఫ్ట్ కార్డులు కొన్నాను."

దీన్ని వాళ్లు 'ఎలైట్ స్టేటస్' అంటారట. తెలుగు పాఠాలు చెప్పుకుని బతికేదాన్ని కదా, ఫోన్ పెట్టేశాక ముందు దానికో తెలుగు మాట వెతుక్కున్నాను. హోదా అందామంటే అది ఉద్యోగంతో వచ్చి ఉద్యోగంతో పోతుంది. అంతస్తు అన్నది సరిగ్గా అతికింది. మనిషి స్థాయికీ అదే మాట, మేడ మీది అరకీ అదే మాట. డైమండ్ ఉన్నవాడికి హోటల్ వాళ్లు చేసే మర్యాదల్లో ఒకటి, ఖాళీ ఉంటే ఇంకా మంచి గది ఇవ్వడం. చాలాసార్లు అది పై అంతస్తులోనే ఉంటుందట.

ఇంకో మాట కూడా తట్టింది, పరపతి. మన సొసైటీ బోర్డుల మీద ఉంటుంది చూడండి, 'వ్యవసాయ పరపతి సంఘం' అని. అక్కడ పరపతి అంటే అప్పు. బయట పరపతి అంటే పలుకుబడి. అప్పు పుట్టడమూ పలుకుబడి ఉండడమూ ఒకటేనని మన భాషకి ఎప్పట్నుంచో తెలుసు. ఇక మా తమ్ముడు చేసిన పని చెబుతాను.

వాడి దగ్గర హిల్టన్ పేరుతో అమెరికన్ ఎక్స్‌ప్రెస్ ఇచ్చే సర్పాస్ అనే క్రెడిట్ కార్డు ఉంది. ఏడాదికి 150 డాలర్ల ఫీజు. చేతికి రాగానే గోల్డ్ ఇస్తారు. క్యాలెండర్ ఏడాదిలో ఆ కార్డు మీద 40,000 డాలర్లు ఖర్చు పెడితే డైమండ్. నెలకి మూడు వేల మూడొందల పైచిలుకు. అద్దె కట్టి, ఇంటికి డబ్బు పంపి, చదువు అప్పు తీర్చుకుంటున్నవాడు అంత ఎక్కడ ఖర్చు పెడతాడు? పెట్టడు. పెట్టినట్టు చూపిస్తాడు.

సూపర్‌మార్కెట్లో 500 డాలర్ల గిఫ్ట్ కార్డులు దొరుకుతాయి. ఒక్కోదానికి ఆరేడు డాలర్లు అదనంగా కట్టాలి. అవి ఏ దుకాణంలోనైనా గీకొచ్చు, డెబిట్ కార్డులాగా పిన్ ఉంటుంది. ఆ గిఫ్ట్ కార్డులతో వేరే కౌంటర్లో మనియార్డరు కొంటాడు. మన పోస్టుమ్యాన్ తెచ్చే మనియార్డరు కాదు, చెక్కులాంటి కాగితం, ఒక్కోటి వెయ్యి డాలర్ల దాకా. దాన్ని తన బ్యాంకు ఖాతాలో వేసుకుంటాడు. ఆ డబ్బుతో క్రెడిట్ కార్డు బిల్లు కడతాడు. అంటే డబ్బు వాడి జేబులోంచి బయల్దేరి, ఊరంతా తిరిగి, మళ్లీ వాడి జేబులోకే వచ్చింది. మధ్యలో కార్డు కంపెనీ పుస్తకంలో మాత్రం 40,000 ఖర్చు రాసి ఉంది. ఇంగ్లీషులో దీనికి 'తయారుచేసిన ఖర్చు' అనే అర్థం వచ్చే పేరే ఉందట.

లెక్క వేశాం ఇద్దరం. 40,000 అంటే 80 గిఫ్ట్ కార్డులు. వాటి అదనపు రుసుము ఐదువందల పైన. మనియార్డర్ల చిల్లర, కార్డు ఫీజు కలిపితే మొత్తం ఏడువందల డాలర్లు. అందుకు బదులుగా సూపర్‌మార్కెట్ ఖర్చుకి డాలరుకి 6 పాయింట్ల చొప్పున 2,40,000 పాయింట్లు, 15,000 దాటినందుకు ఒక ఉచిత రాత్రి, చివరికి డైమండ్. బేరం గిట్టినట్టే కనిపిస్తుంది.

"వాళ్లకి తెలీదా?" అన్నాను. తెలుసు. గిఫ్ట్ కార్డుల్లాంటివి లెక్కలోకి రావని కార్డు షరతుల్లోనే రాసి ఉంటుంది. పట్టుకుంటే పాయింట్లు వెనక్కి లాక్కుంటారు, కార్డు రద్దు చేస్తారు. వారం వారం మనియార్డర్లు వేస్తుంటే బ్యాంకువాళ్లకి నల్లడబ్బు అనుమానం వచ్చి ఖాతా మూసేసిన సందర్భాలున్నాయి. ముల్లె పోయినా పరవాలేదు, పరాయి దేశంలో వీసా మీద ఉన్నవాడికి ఖాతా మూతపడటం చిన్న సంగతి కాదు. రంగు చామనఛాయ, ఇంగ్లీషుకి మన యాస, చేతిలో నాలుగు గిఫ్ట్ కార్డులు. ఒకసారి కౌంటర్లో ముసలావిడ, "బాబూ, నీతో ఎవరైనా ఫోన్‌లో మాట్లాడి ఇవి కొనిపిస్తున్నారా?" అని అడిగిందట. గిఫ్ట్ కార్డు మోసాలు అక్కడ ఎక్కువ, అందుకని జాలితో అడిగింది. ఇంకో కౌంటర్లో మేనేజర్ వచ్చి నిలబడ్డాడు, ఆయనది జాలి కాదు.

ఇక్కడ నాకు మంటెక్కించిన సంగతి ఒకటుంది. అదే హిల్టన్‌కి ఆస్పైర్ అని ఇంకో కార్డు ఉంది. ఏడాదికి 550 డాలర్ల ఫీజు కట్టగలిగితే, ఆ కార్డు చేతిలో పెట్టినప్పుడే డైమండ్ ఇచ్చేస్తారు. ఏ సూపర్‌మార్కెట్‌కీ తిరగక్కర్లేదు. మన దగ్గరా అంతే. అమెరికన్ ఎక్స్‌ప్రెస్ ప్లాటినం కార్డుకి భారీ ఫీజు, దాని మీద జీఎస్టీ కట్టినవాళ్లకి మారియట్‌లో, హిల్టన్‌లో గోల్డ్ వస్తుంది. ఉన్నవాడికి ఒక సంతకం. లేనివాడికి ఎనభై గిఫ్ట్ కార్డులు, నలభై మనియార్డర్లు, మేనేజర్ల చూపులు. రెండు దారులూ ఒకే గదికి వెళ్తాయి కానీ ఒకదాంట్లో పరుగులు, ఒకదాంట్లో లిఫ్టు.

ఇక కంపెనీ ఖర్చుతో ఊళ్లు తిరిగే కన్సల్టెంట్లు ఉండనే ఉన్నారు. నిజానికి ఈ మెట్లు కట్టిందే వాళ్లకోసం. 1981లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ మైళ్ల పథకం పెట్టింది. 1983లో మారియట్, హాలిడే ఇన్ అందుకున్నాయి, 1987లో హిల్టన్. గది అద్దె కట్టేది కంపెనీ, పాయింట్లు పడేది మనిషి ఖాతాలో. ఇంకొకడి డబ్బుతో మనకి మర్యాద! మన ఊళ్లో దీన్ని తరతరాలుగా ఎవరు అనుభవించారో విడిగా చెప్పక్కర్లేదు.

అసలు ఈ ఆట ఆడాలంటే ముందు కార్డు ఇవ్వాలి కదా. గెస్ట్ లెక్చరర్‌గా గంటల లెక్కన జీతం తీసుకున్న రోజుల్లో నేను ఒక బ్యాంకుకి వెళ్లాను. డాక్టరేట్ కాగితాలు చూపించాను. "మేడం, శాలరీ స్లిప్ రెగ్యులర్‌గా ఉండాలి" అన్నారు. రెగ్యులర్ పోస్టు వచ్చిన నెలలోనే అదే బ్యాంకు నుంచి 'మీరు మాకు ప్రత్యేకమైనవారు' అంటూ మెసేజ్‌లు మొదలయ్యాయి. పీహెచ్‌డీ అదే, మనిషినీ నేనే. సిబిల్ స్కోరు 300 నుంచి 900 దాకా ఉంటుంది. అప్పు ఎప్పుడూ తీసుకోనివాడికి మంచి స్కోరు ఉండదు. అసలు స్కోరే ఉండదు. మా తమ్ముడు అమెరికాలో దిగినప్పుడు 300 డాలర్లు ముందే డిపాజిట్ కట్టి, ఆ 300కే కార్డు తీసుకున్నాడు. సొంత డబ్బు తాకట్టు పెట్టి సొంత డబ్బే అప్పు తెచ్చుకోవడం అన్నమాట. పరపతి అలా మొదలవుతుంది.

ఇప్పుడు హోటల్ అనే మాట మనవాళ్లకి ఏమిటో చూద్దాం.

మనకి హోటల్ అంటే ముందు గుర్తొచ్చేది రెండో గ్లాసు. గుమ్మం పక్కన గూట్లోనో తాటాకు చూరులోనో పెట్టిన గ్లాసు. తాగి, కడిగి, మళ్లీ అక్కడే పెట్టి పోవాలి. టీ డబ్బులు మాత్రం అందరికీ ఒకటే. రాజ్యాంగంలో 15(2) అధికరణంలో హోటళ్ల పేరు ప్రత్యేకంగా రాశారు. దుకాణాల్లోకీ హోటళ్లలోకీ ప్రవేశానికి కులం అడ్డు రాకూడదని. 1955లో అస్పృశ్యత నేరాల చట్టం వచ్చింది, 1976లో దాని పేరు పౌరహక్కుల రక్షణ చట్టం అయింది. బావి, గుడి, హోటల్ అని వేరువేరుగా పేర్లు పెట్టి రాయాల్సి వచ్చిందంటే, డబ్బిచ్చి అడిగినా దొరకనివి ఎన్నో ఉండేవని అర్థం.

బాబాసాహెబ్‌కీ దొరకలేదు. ఆయన స్వయంగా రాసుకున్నదే. 1917లో కొలంబియా, లండన్ చదువుల తర్వాత కొలువు కోసం బరోడా వెళ్లారు. దిగడానికి చోటు లేదు. ఒక పార్శీ సత్రంలో అడిగితే, పార్శీలకే ఇస్తామన్నారు. రిజిస్టరులో పార్శీ పేరు రాసేట్టు, రోజుకి ఒకటిన్నర రూపాయి ఇచ్చేట్టు సత్రం మనిషితో ఒప్పందం కుదిరింది. పదకొండో రోజు పొద్దున డజను మంది పార్శీలు కర్రలు పట్టుకుని మెట్లెక్కి వచ్చారు. సాయంత్రంలోగా ఖాళీ చేయమన్నారు. ఒక హిందూ మిత్రుడూ, ఒక క్రైస్తవ మిత్రుడూ కూడా చోటివ్వలేకపోయారు. ఊళ్లోని పార్కులో కూర్చుని, రాత్రి రైలుకి బొంబాయి వెళ్లిపోయారు. అంత చదువు చదివిన మనిషికి ఒక్క గది నిలవలేదు, ఆ పదకొండు రోజులూ నిలిచింది దొంగ పేరు మీద. నేను ఈ భాగం పాఠం చెప్పేటప్పుడు పిల్లలు ఎప్పుడూ అడిగే ప్రశ్న ఒకటే. "మేడం, డబ్బులిచ్చాడు కదా?"

ఇచ్చాడు నాన్నా. చుండూరులోనూ టికెట్ కొన్నారు. 1991లో అక్కడ గొడవ రాజుకున్నది సినిమా హాల్లో కాలు తగిలిందన్న దగ్గర. ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపారు. టికెట్ కొన్నవాడికి కుర్చీ ఇచ్చారు కానీ, ఆ కుర్చీలో కాళ్లు చాపుకునే హక్కు టికెట్‌తో రాలేదు.

అందుకే డైమండ్ వచ్చిందని వాడు సంబరపడుతుంటే నేను పెట్టుబడిదారీ విధానం మీద ఉపన్యాసం ఇవ్వలేదు. మన ఉద్యమ మిత్రుల్లో కొందరికి మన పిల్లలు మంచి చొక్కా వేసుకున్నా సిద్ధాంతం గుర్తొస్తుంది. నాకు రాదు. నా తగువు వేరే ఉంది.

వాడికి ఈ కిటుకు నేర్పింది అక్కడి తెలుగు కుర్రాళ్ల వాట్సాప్ గ్రూపు. ఏ దుకాణంలో గిఫ్ట్ కార్డు రుసుము తగ్గించారు, ఏ బ్యాంకు మనియార్డర్లు సణగకుండా తీసుకుంటుంది, అన్నీ చెప్పుకుంటారు. చాలా స్నేహంగా ఉంటారు. ఒక ఆదివారం ఎవరింట్లోనో భోజనాలకి పిలిచారు. ఏ జిల్లా, ఏ మండలం అయ్యాక ఒకాయన మెల్లిగా, "మీ ఇల్లు ఊళ్లోనా, పల్లెలోనా?" అని అడిగాడు. కోస్తా వాళ్లకి ఈ ప్రశ్న అర్థం చెప్పక్కర్లేదు, మిగతావాళ్ల కోసం చెబుతున్నాను, మా వైపు పల్లె అంటే మాలపల్లె, మాదిగపల్లె. వీడు దాచలేదు. "పల్లెలోనే అన్నా" అన్నాడు. ఎవరూ ఏమీ అనలేదు. వడ్డించారు, తిన్నారు. తర్వాత భోజనాల గ్రూపు వేరేది పెట్టుకున్నారని వీడికి రెండు నెలలకి తెలిసింది. గిఫ్ట్ కార్డుల గ్రూపులో మాత్రం ఉంచారు. అక్కడ వీడి సమాచారం అవసరం.

సియాటిల్ నగరం 2023 ఫిబ్రవరిలో కుల వివక్షని నిషేధించినప్పుడు, "అమెరికాలో కులం ఎక్కడుంది" అని అడిగినవాళ్లు ఇలాంటి భోజనాలకి వెళ్లినవాళ్లే. అదే ఏడాది అక్టోబరులో కాలిఫోర్నియా బిల్లుని గవర్నర్ వీటో చేశాడు, ఇప్పటికే ఉన్న చట్టాలు చాలన్నాడు. హోటల్ రిసెప్షన్లో అమ్మాయి కంప్యూటర్లో చూసి, వీడు డైమండ్ అని నవ్వి, మంచి గది ఇస్తుంది. ఆమెకి వీడి ఇంటిపేరు పలకడం కూడా రాదు. పలకడం వచ్చినవాళ్ల దగ్గరే ఆ డైమండ్ చెల్లలేదు.

ఇంతకీ వాడికి డైమండ్ ఎందుకు కావాల్సి వచ్చిందో చెప్పలేదు. మా పిన్ని కోసం. పిన్ని గుంటూరులో బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో 19 ఏళ్లు పనిచేసింది. గదులు ఊడ్చడం, దుప్పట్లు ఉతకడం, బాత్రూములు కడగడం. గెస్టులు వదిలేసి పోయిన సబ్బు ముక్కలు ఇంటికి తెచ్చేది, మా చిన్నప్పటి స్నానాలన్నీ ఆ సబ్బులతోనే. ఆ లాడ్జిలో ఆమె ఏనాడూ మంచం మీద కూర్చోలేదు. మధ్యాహ్నం అన్నం మెట్ల కింద తినేది. టీ గ్లాసు విడిగా కుళాయి దగ్గర ఉండేది, అది మాత్రం 2000ల్లో కూడా ఉంది. 2025 వేసవిలో ఆమె మొదటిసారి కొడుకు దగ్గరికి వెళ్లింది. వాడి ఆలోచన అంతా ఒకటే, అమ్మని హోటల్‌కి తీసుకెళ్లాలి, గదిలో దింపాలి, పెద్ద గది ఇవ్వాలి, వాళ్లంతట వాళ్లే ఇవ్వాలి. డబ్బు పెట్టి పెద్ద గది తీసుకోవచ్చు. అలా కాదు, 'మీరు మాకు ముఖ్యులు' అని వాళ్ల నోటితో అనిపించాలి. ఎనభై గిఫ్ట్ కార్డుల వెనక ఉన్నది ఇదీ.

ఎక్కడికి తీసుకెళ్లాలి అని అడిగితే అట్లాంటా అని నేనే చెప్పాను. మార్టిన్ లూథర్ కింగ్ సమాధి, ఎబెనెజర్ చర్చి చూపించమన్నాను. పిన్ని చర్చి మనిషి కాబట్టి ఆనందంగా ఒప్పుకుంది. ఇంకో కారణం కూడా ఉంది.

అట్లాంటా నడిబొడ్డున కోర్ట్‌ల్యాండ్ వీధిలో ఒకప్పుడు 'హార్ట్ ఆఫ్ అట్లాంటా' అనే మోటల్ ఉండేది. 216 గదులు. నల్లవాళ్లకి ఒక్కటీ ఇచ్చేది కాదు. ఆ రోజుల్లో నల్లవాళ్లు ఊరు దాటాలంటే ఎక్కడ దిగనిస్తారో చూసుకోవడానికి ఒక పుస్తకం పట్టుకుని బయల్దేరేవాళ్లు. విక్టర్ గ్రీన్ అనే పోస్టల్ ఉద్యోగి 1936 నుంచి వేసిన గ్రీన్ బుక్. 1964 జూలై 2న పౌరహక్కుల చట్టం వచ్చింది, హోటళ్లు ఎవరినీ రంగు చూసి వెనక్కి పంపకూడదని. ఆ మోటల్ యజమాని వెంటనే కోర్టుకెక్కాడు. ఆయన స్వయంగా లాయరు. ఆయన వాదనల్లో ఒకటి వింటే మీకు మతిపోతుంది. తనకి ఇష్టం లేనివాళ్లకి గది అద్దెకివ్వమనడం తనని బానిసని చేయడమేనట! బానిసత్వాన్ని రద్దు చేసిన 13వ సవరణనే అడ్డం పెట్టుకున్నాడు. రిజర్వేషన్ల మీద మన దగ్గర వినే వాదనలకి ఎక్కడో చుట్టరికం ఉన్నట్టు లేదూ? 1964 డిసెంబరు 14న సుప్రీంకోర్టు న్యాయమూర్తులందరూ ఏకగ్రీవంగా ఆయన వాదనని కొట్టేశారు. తర్వాత ఆ మోటల్‌ని కూలగొట్టారు. 1976లో అదే స్థలంలో హిల్టన్ అట్లాంటా లేచింది.

మా వాడి డైమండ్ పనిచేసింది ఆ స్థలంలో.

వీడియో కాల్ చేశారు. గది ఇరవయ్యో అంతస్తు పైనే ఎక్కడో. పిన్ని కిటికీ దగ్గరికి వెళ్లలేదు, మంచం దగ్గర నిలబడి దుప్పటి అంచు ఎత్తి మడత చూస్తోంది. "బాగా బిగించారమ్మాయ్. మేం కూడా ఇట్టాగే పెట్టేవాళ్లం, కానీ మాకు ఇంత పెద్ద దుప్పట్లు ఎక్కడియ్యి" అంది. నేను ఆ మోటల్ సంగతంతా చెప్పాను. విన్నది. "అయితే ఇక్కడ మనలాంటోళ్లని రానిచ్చేవాళ్లు కాదా?" అని అడిగి, అప్పుడు వెళ్లి మంచం మీద కూర్చుంది. పొద్దున లేచి దుప్పట్లు తనే మడిచి పెట్టిందట, వాడు ఎంత మొత్తుకున్నా వినలేదట. గది శుభ్రం చేయడానికి వచ్చినావిడ నల్లావిడ, వయసులో పిన్ని కంటే పెద్దదే. "రోజుకి ఎన్ని గదులు?" అని కొడుకు చేత అడిగించింది. జవాబు విని, తమ లాడ్జి లెక్కతో పోల్చుకుని, టిప్పు ఎంత పెడుతున్నావని వాడిని నిలదీసింది. ఐదు డాలర్లు అన్నాడు. ఇరవై పెట్టించింది.

మన కుర్రాళ్లకి ఒక ముక్క చెప్పాలి, ఇది చదివి ఇన్‌బాక్స్‌లో అడుగుతారు కాబట్టి. మన దగ్గర కూడా గిఫ్ట్ వోచర్ల ఆట నడుస్తోంది. రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రకారం ఒక్కో గిఫ్ట్ కార్డు 10,000 దాటకూడదు, అయినా పది కొనేవాడు పది కొంటాడు. హెచ్‌డీఎఫ్‌సీ వాళ్ల మారియట్ కార్డు లాంటివాటిలో ఏడాదికి 6 లక్షలు దాటితే ఒక రాత్రి ఉచితం అంటారు. ఆ 6 లక్షలు మీవి కానప్పుడు, బిల్లు తేదీకి పూర్తిగా కట్టలేనప్పుడు, ఆ రాత్రి ఉచితం కాదు. మన క్రెడిట్ కార్డుల్లో వడ్డీ నెలకి మూడున్నర శాతం, ఒక్కోసారి ఆ పైన. ఊరి భాషలో చెప్పాలంటే నూటికి మూడున్నర రూపాయల వడ్డీ. మన తాతలు రెండు రూపాయల వడ్డీకి ప్రామిసరీ నోటు మీద వేలిముద్ర వేసి, తీర్చలేక పాలేర్లుగా కుదిరారు. వేలిముద్ర పోయి ఓటీపీ వచ్చింది, అంతే తేడా. మా తమ్ముడు ఏడాది పొడుగునా ఒక్క నెల కూడా బకాయి ఉంచలేదు. ఆ క్రమశిక్షణ లేనివాళ్లు, నెల జీతం నెలకి సరిపోనివాళ్లు ఈ జోలికి పోవద్దు. పాత అప్పు ఉంటే ముందు అది తీర్చండి.

ఈ ఏడాది వాడు గిఫ్ట్ కార్డులు కొనడం మానేశాడు. గడువు తీరాక డైమండ్ పోతుంది. "పోతే పోయిందిలే అక్కా, అమ్మని తీసుకెళ్లాను కదా" అన్నాడు. భోజనాల గ్రూపు వాళ్లు మాత్రం అట్లాంటా ఫొటోలు చూసి, గది ఎలా వచ్చిందో చెప్పమని ఫోన్లు చేస్తున్నారట. చెప్పొద్దన్నాను నేను. వాడు అప్పటికే చెప్పేశాడు.

వచ్చే వారం మెస్ చార్జీలు. హాస్టళ్లలో చదువుకున్నవాళ్లు, ఇప్పుడు చదువుతున్నవాళ్లు, ఈ నెల మెనూ ఫొటోలు ఇన్‌బాక్స్ చేయండి. పేర్లు బయటపెట్టను.

జై భీమ్.